ఎదుటి వాలు

జూన్ 9

ఫిట్‌నెస్ యాప్ డైరీ రాయమంది. ఏం తిన్నాను, ఎంత పరిగెత్తాను, మనసెలా ఉంది, రోజూ రాస్తే మార్పు తెలుస్తుందట. తిన్నది ఉప్మా. పరిగెత్తింది లేదు. మనసు సంగతి అడక్కపోతేనే మంచిది.

ఇనుప గనిలో చేరి వారమైంది. మొదటి రోజే గుంత అంచుకి పోయే మట్టి ర్యాంప్ ఎక్కుతూ కళ్ళు తిరిగి కూలబడ్డాను. మా హెల్పర్ లక్మే ఒక భుజాన సర్వే మిషన్, ఇంకో భుజాన నన్ను వేసుకుని షెడ్డు దాకా తీసుకొచ్చింది. సర్వే ఇన్‌ఛార్జి సత్యమూర్తి గారు మంచినీళ్ళిచ్చి, అమ్మాయీ నువ్వు ఆఫీసులో కూర్చుని గ్రాఫులు గీసుకో, కొండెక్కే పని మగపిల్లలు చూసుకుంటార్లే అన్నారు. మంచిగానే అన్నారు. అందుకే ఎక్కువ మండింది.

ఎం.టెక్. చదువుతున్న సర్వే ఇంజనీరు కొండెక్కలేక పడిపోయిందన్న వార్త సాయంత్రానికల్లా నాన్న ఉద్యోగం మీద మేముండే కిరందుల్ రైల్వే క్వార్టర్లన్నీ చుట్టొచ్చింది. నాకంటే దానికే స్టామినా ఎక్కువ.

జూన్ 12

ప్లాన్ వేసుకున్నాను. ఉదయం ఒళ్ళు, పగలు ఉద్యోగం, సాయంత్రం చదువు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

ఇంటి దగ్గర పరిగెత్తడం కుదరదు. క్వార్టర్ల వెనక చెత్తకుప్ప దగ్గరికి తెల్లారేసరికి ఎలుగుబంట్లు వస్తాయి. ఏటే హెప్సీ, పెళ్ళి కావలసిందానివి, మొకం గీకించుకుంటావేటే అని అమ్మ తలుపుకి అడ్డం నిలబడింది. అమ్మ పేరు నూకాలమ్మ. నాన్నని చేసుకుని క్రైస్తవురాలైంది గానీ పేరు మార్చుకోలేదు, గొంతూ తగ్గించుకోలేదు.

కాబట్టి గనిలోనే. షిఫ్టు బస్సు మమ్మల్ని డ్యూటీకి చాలా ముందే దింపేస్తుంది. గని గుంత అంచున, సర్వే స్తంభం పక్కన కాస్త చదును నేల ఉంది. నడుమెత్తు కాంక్రీటు స్తంభం, ఈ వేసవిలోనే కట్టారు. యాప్‌లో అమ్మాయి నేర్పే మొదటి రకం పుషప్స్‌కి సరిగ్గా అంత ఎత్తే కావాలి. గుంతకేసి తిరిగి, రెండు చేతులూ స్తంభం అంచున ఆనించి, వాలి, తోసి లేవాలి. మూడు చేసేసరికి ఏడుపొచ్చింది. లక్మే చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు కొంగులో ఆగలేదు.

జూన్ 25

థీసిస్ టాపిక్‌కి విశాఖ నుంచి గైడ్ జయ మేడం సరేనన్నారు. వానాకాలంలో గని వాలు ఎలా కదులుతుంది. నేను రోజూ చేసే పనే. స్తంభం మీద మిషన్ బిగిస్తాను. గుంతకి అవతల, ఎదుటి వాలు మీద అక్కడక్కడా రాడ్లకి బిగించి పాతిన ప్రిజం అద్దాలకు దూరం కొలుస్తాను. దూరం తగ్గుతోందంటే ఆ వాలు ముందుకి, గుంతలోకి జరుగుతున్నట్టు. ఇంతే విద్య. దీనికి అంత పెద్ద చదువెందుకని నాన్న అడిగాడు.

ఎందుకో నాకు బాగా తెలుసు. మాది టౌన్‌షిప్ వాళ్ళ పెద్ద సర్కారు గని కాదు. కొండ చివర ఉన్న చిన్న ప్రైవేటు గని. మార్చితో నా కాంట్రాక్టు అయిపోతుంది. అప్పటికి డిగ్రీ చేతికొస్తే పర్మనెంట్. రాకపోతే ఇంటికి. డిసెంబరు వైవా దాటితే బతికినట్టే.

జూలై 8

కొండ మీద మబ్బు దిగి కూర్చుంది. ఎదుటి వాలు మధ్యాహ్నం కాసేపైనా కనిపిస్తోంది. వెనక, దూరంగా ఉన్న శిఖరం మీది బ్యాక్‌సైట్ గుర్తు మాత్రం అసలు కనపడదు. మన స్తంభం కదల్లేదని రూఢి చేసుకోవాలంటే దాన్ని చూసే కొలవాలి. సత్యమూర్తి గారిని అడిగాను. ఆయన పెద్ద గనిలో రిటైరై ఇక్కడికొచ్చిన మనిషి. ఈ కొండ మీద వానలు నాకు తెలుసమ్మా, దసరా దాకా అది ఎవరికీ కనపడదు, కాంక్రీటు స్తంభం ఎక్కడికి పోద్ది, పాత రీడింగే పెట్టుకుని లాగించెయ్ అన్నారు. వానాకాలంలో ఇక్కడ అందరూ అదే చేస్తారట.

నేనూ లాగించేశాను.

జూలై 9

ఆన్‌లైన్ క్లాసులో నిద్రపోయాను. కెమెరా ఆన్‌లోనే ఉంది.

జూలై 21

దూరాలు తగ్గుతున్నాయి!

మిల్లీమీటర్లలోనే. కానీ అన్ని ప్రిజంలకీ, రోజురోజుకీ, ఒకే దిక్కుకి. ముందు నమ్మలేదు. మిషన్ తుడిచి మళ్ళీ చూశాను. మగపిల్లల చేత చూపించాను. అదే లెక్క. ఎదుటి వాలు మొత్తం మెల్లగా గుంతలోకి వస్తోంది. భయపడాలి. నిజం చెప్పాలంటే గాల్లో తేలిపోయాను. కొండెక్కలేని పిల్లకి కొండే ఎదురొచ్చింది.

పుషప్స్ ఇప్పుడు ఆగకుండా చేస్తున్నాను. రోజూ పెంచుతున్నాను. స్తంభం మీద నా అరచేతుల గుర్తులు ఎర్రగా పడ్డాయి. ఈ గని దుమ్ము ఏం చేసినా వదలదు.

ఆగస్టు 4

రిపోర్టు పైకి వెళ్ళింది. కింద సత్యమూర్తి గారి సంతకం, దాని కింద నాది. ఎదుటి వాలు కింద పని ఆపేశారు. అక్కడ కాలవలు తీసే గ్యాంగుని పక్కన కూర్చోబెట్టారు. అందులో లక్మే మొగుడు మంగు కూడా ఉన్నాడు. రోజుకూలీ వాళ్ళు. పని లేకపోతే కూలీ లేదు.

లక్మే నన్నేమీ అనలేదు. పైగా చేతులెత్తి దండం పెట్టింది. తన మనిషి ఆ మట్టి కింద పడకుండా చూశానని. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. సంతోషంతోనే.

ఆగస్టు 17, ఆదివారం

చర్చిలో అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. నేను చెప్పొద్దని బతిమాలినా వినలేదు. నా బిడ్డ కొండెక్కలేక పడిపోయినాది, అలాటి బిడ్డకి దేవుడు కొండ కదలడం సూపించినాడు, ఇరవై మంది పేణాలు కాపాడినాడు అని కళ్ళు తుడుచుకుంది. గ్యాంగులో అంతమంది లేరు. అందరూ స్తోత్రం అన్నారు. మధ్యాహ్నం ఇంట్లో కృతజ్ఞత కూడిక, చికెన్ బిర్యానీ. యాప్‌లో ఏం రాయాలో తెలియక అన్నం అని రాశాను.

ఇంత మంది నన్ను చూసి సంతోషపడటం నా జన్మలో ఇదే మొదలు.

ఆగస్టు 31

విశాఖలో సెమిస్టర్ పరీక్షలు రాసి వచ్చాను. రైల్లో చదువుదామనుకున్నాను. సొరంగం వచ్చినప్పుడల్లా వీడియో ఆగిపోతుంది, ఈ లైన్లో సొరంగాలకి కొదవలేదు. ఒక పేపరు పోయినట్టే.

నేను లేని రోజుల్లో మగపిల్లలు రీడింగులు తీశారు. దూరాలు తగ్గడం ఆగింది. అప్పుడే వానలూ తెరిపిచ్చాయి. జయ మేడం ఫోన్లో ఎగిరి గంతేసినంత పని చేశారు. వాన ఆగితే కదలిక ఆగుతోంది, నీ థీసిస్‌కి ఇంతకంటే ఏం కావాలి, దీన్ని కాన్ఫరెన్సుకి పంపుదాం అన్నారు.

రేపటి నుంచి మళ్ళీ పుషప్స్. ఊళ్ళు తిరిగి చేతులు మెత్తబడ్డాయి.

సెప్టెంబర్ 11

మళ్ళీ వాన. మళ్ళీ కదలిక. కాన్ఫరెన్సు పేపరు రాస్తున్నాను. మనసు బాగుంది. మొదటిసారి రాస్తున్నాను ఈ మాట.

అక్టోబర్ 3

మంగు పత్తి ఏరడానికి భద్రాచలం అవతలకి వెళ్ళిపోయాడు. గ్యాంగులో చాలామంది వెళ్ళారు. అక్కడ ఎవరి దగ్గర పని, ఎప్పుడొస్తాడు అంటే లక్మేకి తెలియదు. పత్తి అయ్యాక మిర్చికి ఉండమంటారు మేడం, ఉంటే ఎండాకాలం దాకా రాడు అంది హిందీలో. మిషన్ భుజానికెత్తుకుంది. నేను ర్యాంప్ ఆగకుండా ఎక్కేశాను. వెనక్కి చూస్తే లక్మే చాలా కింద, మెల్లగా వస్తోంది.

అక్టోబర్ 13

మబ్బు విడిచింది. పొద్దున్నే వెనక శిఖరం కడిగినట్టు కనిపించింది. బ్యాక్‌సైట్ మీది ఎర్ర రంగు కూడా తెలుస్తోంది. ఊరికే, అలవాటు కోసం, మిషన్ అటు తిప్పి కొలిచాను.

మళ్ళీ కొలిచాను.

అక్టోబర్ 13, మధ్యాహ్నం

బ్యాక్‌సైట్‌కీ నాకూ మధ్య దూరం పెరిగింది. ఎదుటి వాలు నాకు ఎంత దగ్గరయిందో, వెనక శిఖరం సరిగ్గా అంత దూరమైంది. శిఖరం నడిచి వెళ్ళదు. ఎదుటి వాలు జరగలేదు. స్తంభం జరిగింది. గుంతవైపు ఒరిగింది.

ఎందుకు ఒరిగిందో చూడటానికి మోకాళ్ళ మీద కూర్చున్నాను. అంచు నేలంతా తెచ్చి పోసిన మట్టి, వానలకి నాని ఉంది. స్తంభం మొదలు దగ్గర వెనకవైపు వేలు పట్టేంత సందు. ఆ వెనక నేల మీద రెండు గుంటలు, నున్నగా అరిగి, నీళ్ళు నిలిచి. అవి నా బూట్లవి. స్తంభం మీద ఎర్రటి అరచేతులు. అవీ నావే.

జూన్ నుంచి రోజూ ఒళ్ళంతా బరువేసి స్తంభాన్ని గుంతలోకి తోశాను. తోసి, దాని మీదే మిషన్ పెట్టి, కొండ కదులుతోందని రాశాను. నేను విశాఖ వెళ్ళినప్పుడు కొండ ఆగింది. తిరిగొచ్చి చేతులు ఆనించగానే మళ్ళీ బయల్దేరింది. వాన అనుకున్నాం. జయ మేడం గంతేశారు. అమ్మ సాక్ష్యం చెప్పింది.

నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను. లక్మే భయపడి, మళ్ళీ కళ్ళు తిరిగాయనుకుని, వచ్చి పట్టుకుంది. ఏమైందని అడిగింది. హిందీలో చెప్పడానికి నోరు రాలేదు. తెలుగులోనైనా రాదు.

అక్టోబర్ 14

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. స్తంభం మొదట్లో మట్టి కూరి కాలితో తొక్కేస్తే చాలు. డిసెంబరు వైవా, మార్చిలో పర్మనెంట్. పని ఆగినందువల్ల చచ్చిన వాళ్ళెవరూ లేరు. ఈ వాక్యం మూడుసార్లు రాసి రెండుసార్లు కొట్టేశాను.

మంగు ఎవరి చేలో ఉన్నాడో.

అక్టోబర్ 15

చెప్పేశాను.

సత్యమూర్తి గారు స్తంభం దగ్గరికి వచ్చి చూశారు. చెయ్యి పెట్టి ఊపారు. తర్వాత టోపీ తీసి మొహం తుడుచుకున్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. నా సంతకం కూడా ఉందమ్మా దాని మీద, బ్యాక్‌సైట్ వదిలెయ్యమంది నేనే కదా, ఈ వయసులో నన్నెందుకు పట్టుకున్నావే తల్లీ అన్నారు.

జయ మేడంకి ఫోన్ చేశాను. పేపరు వెనక్కి తీసుకోవాలి, డిసెంబరు వైవా లేదు, కొత్త డేటాతో మళ్ళీ రెండు సెమిస్టర్లు అన్నారు. మెత్తగా అన్నారు. అంటే మార్చి పోయింది.

అక్టోబర్ 16

యాప్ మెచ్చుకుంది. నా భుజాలు మొదలుపెట్టాక ఎప్పుడూ లేనంత బలంగా ఉన్నాయట.

అక్టోబర్ 19, ఆదివారం

అమ్మకి చెప్పాను. వంటింట్లో నిలబడి చివరిదాకా విన్నది. అయితే కొండ కదల్లేదేటి అంది. కదల్లేదన్నాను. మరి నాను దేవుడి కాడ ఏటి సెప్పీసినాను, అందరి ముందలా దేవుడు సూపించినాడని సెప్పీసినానే, ఇప్పుడేటి సెయ్యమంటావు అని నేల మీద కూలబడింది. నా డిగ్రీ, నా ఉద్యోగం ఆమెకి గుర్తే రాలేదు. దేవుడి మీద అబద్ధం చెప్పినట్టయిందని ఏడ్చింది. చర్చికి వెళ్ళలేదు. ఈ ఇంట్లో ఆదివారం అమ్మ చర్చికి వెళ్ళకపోవడం నేను చూడలేదు.

నాన్న వచ్చి, పోన్లే, మనిషన్నాక తప్పు చెయ్యదా అన్నాడు. ఆ మాటకి నాకు అమ్మ మీద, నాన్న మీద, నా మీద ఒకేసారి కోపమొచ్చింది.

అక్టోబర్ 24

కొత్త స్తంభం పోశారు. ఈసారి గట్టి రాతి మీద, చుట్టూ ఇనుప కంచె. ఎదుటి వాలు కింద పని మళ్ళీ మొదలుపెడతారట. గ్యాంగు వాళ్ళకి కబురెళ్ళింది.

క్యాంటీన్లో నేను లోపలికి రాగానే ఇద్దరు మగపిల్లలు గోడకి చేతులు ఆనించి పుషప్స్ చేశారు. గోడ కదిలింది, రిపోర్టు పంపండి అన్నారు. నేనూ నవ్వాను. టీ తాగకుండా వచ్చేశాను.

కసరత్తు మానేశాను. పుస్తకం తెరవడం మానేశాను. ఉద్యోగానికి వెళుతున్నాను, బస్సు ఎక్కిస్తుంది కాబట్టి.

నవంబర్ 2

సెలవు. ఏం చెయ్యాలో తోచక పాత రీడింగులన్నీ తీసి, ప్రతి రోజుకీ స్తంభం ఎంత ఒరిగి ఉంటుందో అంచనా కట్టి తీసెయ్యడం మొదలుపెట్టాను. పుండు గోక్కున్నట్టు. అన్ని ప్రిజంలూ సున్నాకి వచ్చేస్తున్నాయి. ఎదుటి వాలు హాయిగా నిద్రపోతోంది.

ఏడో ప్రిజం రావట్లేదు.

సాయంత్రం మళ్ళీ వేశాను. నా తోపంతా తీసేశాక కూడా అది కొంచెం ముందుకే ఉంది. గ్యాంగు పనిచేసే చోటికి సరిగ్గా పైన.

నవంబర్ 4

సత్యమూర్తి గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. ఆ ప్రిజం రాడ్డు వానకి ఒరిగి ఉంటదమ్మా అన్నారు. ఒరిగి ఉండొచ్చు. వెళ్ళి చూద్దామంటే అది ఉన్న బెంచ్‌కి, వాలు మీది ఆ మెట్టుకి, దారి వానల్లో కొట్టుకుపోయింది. కొత్త స్తంభం నుంచి చూస్తే తేడా ఉందా లేదా అన్నట్టుగా ఉంది. నెల రోజులు చూస్తే తేలుతుంది. నెల రోజులు పని ఆపమని అడగాలి. అడగాల్సింది నేను.

ఆయన బతిమాలుతున్నట్టే అన్నారు. ఇంకోసారి మన పేర్లతో కాగితం పైకి పోతే ఇద్దర్నీ ఇంటికి పంపిస్తారు, అప్పుడు చూసేవాళ్ళు కూడా ఉండరు అన్నారు. ఆ మాటా నిజమే. నాకు ఎదురు చెప్పాలనిపించలేదు. నా లెక్కని నేనే నమ్మట్లేదు. ఇందులో కూడా ఎక్కడో నా చేతులు ఉండే ఉంటాయి.

నవంబర్ 9

మంగు వచ్చేశాడు. పత్తి వదిలేసి, రెండు బస్సులు మారి, గనిలో పని దొరుకుతుందని వచ్చేశాడు. రేపు పొద్దున్నే దిగాలి.

బస్సు దగ్గర లక్మే నన్ను ఆపింది. మేడం, వో పహాడ్ ఠీక్ హై నా, మంగు దిగొచ్చా అంది. ఆ కొండ బాగానే ఉంది కదా అని, సగం హిందీ, సగం తెలుగు. సత్యమూర్తి గారు పక్కనే ఉన్నారు. ఆయన్ని అడగలేదు. క్యాంటీన్లో నవ్వే వాళ్ళని అడగలేదు. ఇంత జరిగాక కూడా నన్నే అడిగింది.

వద్దంటే మంగు మళ్ళీ తెలంగాణకి పోవాలి. నా దగ్గర ఒక్క ప్రిజం, అదీ రాడ్డు ఒరిగిందో ఏమో తెలియని ప్రిజం. ఔనంటే.

దిగొచ్చన్నాను.

లక్మే తలూపి, టిఫిన్ డబ్బా సర్దుకుని, తన ఊరి బస్సెక్కింది. కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది.

నవంబర్ 10, మధ్యాహ్నం

ఎదుటి వాలు కింద, ఏడో ప్రిజంకి సరిగ్గా దిగువన కూర్చుని రాస్తున్నాను. పొద్దున్న గ్యాంగుతో పాటు నేనూ దిగాను. మంగు కాలవ తీస్తున్నాడు. వాళ్ళ జావ నాకూ పోశారు. మళ్ళీ రేపు కూడా దిగుతాను.

సత్యమూర్తి గారు పైనుంచి ఫోన్ చేసి, మిషన్ లేకుండా కింద ఏం చేస్తున్నావని అడిగారు. కొలుస్తున్నానండి అన్నాను.